నిబ్బరం పట్టీ

డాక్టర్ పరాంకుశం దగ్గరికి పరీక్షకి వచ్చేవాళ్లలో చాలామంది ఒంట్లో జబ్బుతో వచ్చేవారు కాదు, మనసులో భయంతో వచ్చేవారు. విశాఖపట్నం మల్కాపురంలో, రైల్వే గేటు పక్కన ఆయన ఆరోగ్య పరీక్షా కేంద్రం నడిపేవాడు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనూ ఓడరేవులోనూ పనిచేసేవాళ్లు ఏటా ఒకసారి అక్కడికి వచ్చి, ఒళ్లంతా పరీక్ష చేయించుకుని, పనికి తగుదురని సంతకం పెట్టించుకోవాలి. సంతకం పడకపోతే ఆ ఏటికి పని పోయినట్టే.

నూకరత్నం అక్కడ మెడికల్ అసిస్టెంటు. పొద్దున్నే వచ్చి పరీక్ష బల్ల తుడిచి, దాని మీద కొత్త కాగితం పరిచేది. బరువు మిషను ముల్లు సున్నా మీద నిలుస్తోందో లేదో చూసుకునేది. టార్చి, నాలుక నొక్కి చూసే చెక్కపుల్లలు, మోకాలి మీద తట్టే సుత్తి, స్టెతస్కోపు, అన్నీ డాక్టరు చేతికి అందేలా స్టీలు ట్రేలో సర్దిపెట్టేది. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి పాత జబ్బులూ, వాడే మందులూ, తాగుడూ, నిద్రా నెమ్మదిగా కూపీ లాగేది. ఎత్తు, బరువు, చూపు, జ్వరం, నాడి చూసి, మూత్రానికి సీసా ఇచ్చి పంపి, ఆఖర్న బీపీ చూసేది. చిక్కంతా అక్కడే వచ్చేది. గుడ్డ చేతికి చుట్టి గాలి కొట్టగానే మనిషి గుండె దడదడలాడిపోయేది. ఇంట్లో మామూలుగా ఉండే బీపీ ఇక్కడ ఎక్కడికో పోయేది. ఎక్కువుందని చెబితే ఇంకా పెరిగేది.

ఆ భయానికే పరాంకుశం మందు కనిపెట్టాడు. మేడమీద గదిలో ఏళ్ల తరబడి కూర్చుని ఒక పట్టీ తయారుచేశాడు. చేతి గడియారంలా మణికట్టుకి కట్టేది. మీట నొక్కితే సన్నటి కరెంటు తరగలు నరం వెంట పైకి పోయి, మెదడులో భయం పుట్టే చోటుని జోకొడతాయి. విప్పేసిన కాసేపటికి అంతా మామూలైపోతుందని ఆయన చెప్పాడు. దానికి ‘నిబ్బరం’ అని పేరు పెట్టాడు. అనుమతులు వచ్చాయి. కట్టే పని రత్నానిది.

మొదట్లో ఆమెకి ఆ పట్టీ అంటే ముచ్చటగా ఉండేది. క్యాంటీన్లో వంటచేసే సూరీడమ్మ, సూది చూస్తేనే ఏడ్చే మనిషి, పట్టీ కట్టగానే ముఖంలో ముడతలు విప్పుకుని, రక్తం తీస్తుంటే కిటికీలోంచి కాకిని చూస్తూ కూర్చుంది. రత్నం భర్త సత్యారావునీ, అతనితో కలిసి పనిచేసే పోలినాయుడినీ కూడా ఒకే పూట పరీక్షకి పిలిచారు. ఇద్దరూ ఫ్యాక్టరీ పొగగొట్టాలకి రంగులేసేవాళ్లు. తాళ్లకి వేలాడే చెక్క ఉయ్యాలలో కూర్చుని పని. పోలినాయుడైతే తాడు ముడి లాగి చూసి, కిందికి దిగి, అనుమానం తీరక మళ్లీ ఎక్కి లాగి చూసే రకం. ఇద్దరికీ రత్నమే పట్టీ కట్టింది. ఇద్దరి బీపీ చక్కగా వచ్చింది. సంతకాలు పడ్డాయి.

నెల దాటాక ఒక సాయంత్రం రత్నం ఇంటికి వెళ్తూ రైల్వే గేటు దగ్గర ఆగింది. గేటు వేసి ఉంది. కూత పెట్టుకుంటూ గూడ్సు బండి వస్తోంది. గేటు కింద నుంచి దూరి, చేతిలో కూరల సంచితో, ఒకావిడ పట్టాల మీదికి తీరిగ్గా నడిచి వెళ్తోంది. రత్నం పరుగెత్తి ఆవిడ మణికట్టు పట్టుకుని ఇవతలికి లాగింది. బండి వాళ్ల చీరల్ని ఎగరేస్తూ దూసుకుపోయింది. చూస్తే సూరీడమ్మ.

“ఏటమ్మా అలగ లాగీసినావు? అదొచ్చేలోపు దాటీలేనేటి?” అంది.

ఆ గొంతులో మొండితనం లేదు, తొందరా లేదు. సూరీడమ్మ మణికట్టు ఇంకా రత్నం చేతిలోనే ఉంది, అది వణకడం లేదు. ఆ ముఖం తనకి తెలిసిన ముఖమే. పట్టీ కట్టినప్పటి ముఖం.

మర్నాడు ఈ సంగతి డాక్టరుకి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. గేటు కింద దూరేవాళ్లు పట్టీ రాకముందు కూడా ఉన్నారు కదమ్మా అని నవ్వాడు. తర్వాత ఒక ఆటో డ్రైవరు, పరీక్ష చేయించుకుని వెళ్లినవాడే, ఎదురుగా లారీ వస్తున్నా పక్కకి తప్పుకోక కాలు విరగ్గొట్టుకున్నాడని తెలిసింది. అదీ చెప్పింది. ఆయన అదే నవ్వుతో, అదే గొంతుతో, రోడ్లు బాగులేవన్నాడు.

ఆ నవ్వు రత్నానికి నచ్చలేదు. ప్రాణాలు పోయే మాట చెబుతుంటే ఏ మనిషైనా ఒక్క క్షణం కంగారు పడతాడు. ఈయన ముఖంలో ఆ కంగారు ఎందుకు లేదు? ముందే తెలిసి ఉండాలి. తెలిసి దాస్తూ ఉండాలి. పట్టీని దేశమంతా అమ్మడానికి ఒక కంపెనీ వాళ్లు వచ్చి పోతున్నారు. మేడమీద గదిలోంచి వాళ్ల నవ్వులు కిందికి వినబడుతున్నాయి. ఇదా సంగతి, అనుకుంది.

అప్పటినుంచి ఆయన్ని కనిపెట్టి చూడటం మొదలుపెట్టింది. ఆయన ఎప్పుడు ఫోను ఎత్తినా ట్రే తుడిచే నెపంతో గదిలోనే ఉండిపోయేది. పట్టీ కట్టి మీట నొక్కకుండా వదిలేయడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్ల బీపీ మళ్లీ ఎగిరింది. ఆయన వచ్చి చూసి, మీట నొక్కడం మరిచిపోయావమ్మా అని తానే నొక్కి వెళ్లాడు. కోప్పడలేదు, ఎందుకని అడగనూ లేదు. అది ఆమె అనుమానాన్ని ఇంకా పెంచింది. రక్తం తీసే అమ్మాయి ఎస్తేరు ఒకరోజు, “అక్కా, సార్ని ఎందుకలా చూస్తావు?” అని అడిగింది. ఆ పిల్ల ఆయన తరఫున అడుగుతోందేమోనని రత్నం జవాబు చెప్పలేదు.

ఇదంతా ఒక ఎత్తు. ఇంట్లో సంగతి మరొకటి.

సత్యారావు మారాడు. మొదట ఆ మార్పు ఆమెకి పండగలాగే ఉంది. అన్నగారి ముందు నోరెత్తని మనిషి, ఒక ఆదివారం వెళ్లి, ఉమ్మడి ఇంటి మేడమీద గది తమ వాటాకి వస్తుందని నెమ్మదిగా చెప్పి తాళం చెవి తెచ్చుకున్నాడు. నిద్రలో ఉలిక్కిపడటం మానేశాడు. పాటలు పాడుతూ స్నానం చేసేవాడు. పెళ్లయ్యాక ఇంత తేలిగ్గా ఉన్న భర్తని ఆమె చూడలేదు. అందుకే, అనుమానం అతని దాకా రాకుండా చాలా రోజులు అడ్డుకుంది.

ఒకరోజు పిట్టగోడ మీద కూతురు తనూజని కూర్చోబెట్టి అతను ఓడల్ని చూపిస్తున్నాడు. ఆరేసిన బట్టలు తీయడానికి మేడెక్కిన రత్నం, పాపని భయపెట్టకూడదని మెల్లగా వెనకనుంచి వెళ్లి ఎత్తుకుంది.

“నాను పట్టుకునే ఉన్నాను కదే,” అన్నాడు సత్యారావు.

పట్టుకుని లేడు. ఆ చెయ్యి ఓడల వైపు చాచి ఉంది.

ఆ సాయంత్రం ఆమె అంతా చెప్పింది. సూరీడమ్మ గురించి, ఆటో అతని గురించి, పట్టీ గురించి. పొగగొట్టం పనికి కొన్నాళ్లు వెళ్లొద్దని బతిమాలింది. అతను వింటూ పాపకి అన్నం కలిపి పెట్టాడు. విన్నాక, అయితే అయిందిలే అన్నాడు. “ఇన్నాళ్లూ బయపడి నానేటి సాదించాను సెప్పు? మా అన్న ముందు తలొంచుకు బతికినాను. ఇప్పుడు బాగుంది.” బాగుందన్నది అబద్ధం కాదు మరి.

పోలినాయుడు పడిపోయాడని కబురు వచ్చేసరికి ఆమె ఒక ముసలాయన కళ్లు పరీక్షించడానికి గోడ మీద అక్షరాలు చూపిస్తోంది. చేతిలో కర్ర అక్కడే పడేసి ఫ్యాక్టరీకి పరుగెత్తింది. పొగగొట్టం మొదట్లో జనం మూగి ఉన్నారు. పోలినాయుడి మీద ఎవరో దుప్పటి కప్పారు. నడుముకి బెల్టు ఉంది. దాని కొక్కెం తాడుకి తగిలించనేలేదని మేస్త్రీ చెబుతూ గజగజ వణుకుతున్నాడు. పనివాళ్లందరూ కిందికి దిగిపోయి, గోడ నీడన ముడుచుకుని కూర్చున్నారు.

వాళ్లలో సత్యారావు లేడు.

తలెత్తి చూసింది. పొగగొట్టం నడిమికి పైన, ఉయ్యాలలో ఒక్కడే కూర్చుని, మొదలుపెట్టిన ఎర్ర పట్టె పూర్తిచేస్తున్నాడు. బ్రష్షు అటూ ఇటూ ఒకే తీరుగా కదులుతోంది.

అరిస్తే తిరిగి చూసి ఏమవుతుందోనని అరవలేదు. మేస్త్రీ చేత తాడు ఊపించి సైగ చేయించింది. అతను దిగి వచ్చాడు. దుప్పటి పక్కన కూర్చుని పోలినాయుడి కాళ్లు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. ఆ తర్వాత లేచి, ఏడుస్తూనే, పొద్దు వాలకముందే రెండో పూత వెయ్యాలని మళ్లీ నిచ్చెన పట్టుకున్నాడు. రత్నం, మేస్త్రీ, ఇంకో ఇద్దరు కలిసి అతన్ని ఆటోలో ఎక్కించాల్సి వచ్చింది.

అతన్ని తన తల్లికి అప్పగించి, ఆమె నేరుగా పరీక్షా కేంద్రానికి వచ్చింది. పరాంకుశం పరీక్ష గదిలో ఒక్కడే ఉన్నాడు.

“పోలినాయుడు చచ్చిపోయాడు సార్. కొక్కెం పెట్టుకోలేదు. అతనికి ఆ పట్టీ ఈ చేతుల్తో నేనే కట్టాను.”

“తెలుసమ్మా, ఫోన్ వచ్చింది. చాలా బాధగా ఉంది.” ఆయన కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. కళ్లజోడు తుడుచుకుని, అదే గొంతుతో, రేపు కంపెనీ వాళ్లు ఒప్పందానికి వస్తున్నారనీ, పై గది సర్దించాలనీ అన్నాడు.

రత్నానికి ఒళ్లు మండిపోయింది. చెయ్యి విసురుగా తగిలి, బల్ల మీద స్టీలు ట్రే సామానుతో సహా నేల మీద పడి గది దద్దరిల్లింది. పక్క గదిలో ఎస్తేరు కెవ్వుమంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. రత్నానికే గుండె నోట్లోకి వచ్చింది. ట్రే సరిగ్గా పరాంకుశం పాదాల దగ్గర పడింది. ఆయన ఉలిక్కిపడలేదు. కనురెప్ప ఆడలేదు. ఒక క్షణం ఆగి, వంగి, సుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

ఆమె కోపం అక్కడికక్కడే చల్లారిపోయి, దాని చోట ఇంకేదో వచ్చింది.

“సార్, మీరు కూడా కట్టుకున్నారా?”

“ముందు నా మీదే కదమ్మా చూసుకుంది. ఇంకొకరి మీద ఎలా చూస్తాను? ఏడాది పైగా రోజూ కట్టుకున్నాను.”

రత్నం రోగులు కూర్చునే కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్లూ ఈ మనిషి దొంగ అనుకుంది. ఈయన ఏదీ దాచలేదు. దాచాలంటే ముందు భయపడాలి. తను చెప్పిన ప్రతి మాటా ఆయన చెవిన పడింది, కానీ లోపల ఎవర్నీ తట్టి లేపలేదు. ఆ మాటే ఆయనకి చెప్పింది, మర్యాదలు మరిచిపోయి, ఏకవచనంలోకి జారిపోతూ.

ఆయన తన మణికట్టు తానే పట్టుకుని నాడి చూసుకున్నాడు.

“నువ్వు చెప్పేది అర్థమవుతోంది రత్నం. పుస్తకంలో చదివినట్టు అర్థమవుతోంది. ఇది ఘోరం. కానీ లోపల ఏదీ కదలడం లేదు.” తర్వాత, దారి అడుగుతున్నవాడిలా, “నీకు భయంగా ఉందా?” అన్నాడు.

“చచ్చేంత భయంగా ఉంది సార్.”

“అయితే నీ భయాన్ని బట్టే నడుద్దాం. ఏం చెయ్యమంటావో చెప్పు.”

ఆమె చెప్పింది. ఉన్న పట్టీలన్నీ ఇప్పుడే తీసి కట్టగట్టాలి. కంపెనీ వాళ్లని రావద్దనాలి. పోలీసులకీ, ఆరోగ్య శాఖకీ ఉన్నదున్నట్టు చెప్పాలి. పట్టీ కట్టించుకున్న ప్రతి మనిషినీ వెనక్కి పిలవాలి. ఆయన ఆ సాయంత్రమే అన్నీ చేశాడు. భయం లేని మనిషికి నిజం చెప్పడం అంత కష్టం కాలేదు. ఆయన ఫోన్లలో మాట్లాడుతున్నంతసేపూ రత్నం పక్కనే నిలబడి ప్రతి మాటా విన్నది. ఆయన మీద అనుమానం పోయినా, ఆయన నిబ్బరం మీద ఆమెకి నమ్మకం లేదు.

కేసు అయింది. పరాంకుశానికి డాక్టరుగా పనిచేసే హక్కు తీసేశారు. ఆ కేంద్రాన్ని ప్రభుత్వ డాక్టర్లకి అప్పగించి, పట్టీ కట్టించుకున్నవాళ్లకి వారం వారం పరీక్షలు పెట్టారు. వచ్చినవాళ్లని సిద్ధం చేసే పని రత్నానికీ ఎస్తేరుకీ ఇచ్చారు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి రత్నం నాడి పట్టుకుంటుంది. తెర వెనక ఎస్తేరు చెప్పాపెట్టకుండా బుడగ పేలుస్తుంది. నాడి పరుగెడితే భయం తిరిగి వచ్చినట్టు.

ఆటో డ్రైవరుకి తొందరగానే వచ్చింది. బల్ల మీంచి ఎగిరి పడి, ఎస్తేరుని నానా తిట్లూ తిట్టి, ఆ తర్వాత గోడకి ఆనుకుని ఏడ్చాడు. సూరీడమ్మకి రాలేదు. ఆవిడ్ని కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తోంది. పరాంకుశం కూడా వచ్చేవాడు, అందరితో పాటు బెంచీ మీద కూర్చుని తన వంతు వచ్చేదాకా ఆగేవాడు. ఆయన నాడి బుడగకి ముందూ తర్వాతా ఒక్కలాగే కొట్టుకునేది. ఈసారి ఏమైనా కదిలిందా అని మర్యాదగా అడిగి వెళ్లేవాడు.

ఒకరోజు పోలినాయుడి భార్య బంగారమ్మ వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకుని రత్నం తలొంచుకుని నిలబడింది. ఆవిడ ఒక్క మాటే అడిగింది.

“పడతన్నప్పుడు బయపడ్డాడంటావా?”

“లేదమ్మా,” అంది రత్నం. బంగారమ్మ తలూపి వెళ్లిపోయింది. తాను ఇచ్చింది ఓదార్పో ఇంకో దెబ్బో రత్నానికి తెలియలేదు.

సత్యారావు ఎత్తు పని మాన్పించి, నేల మీద గేట్లకీ కిటికీలకీ రంగులేసే పనిలో పెట్టించింది. పాపని అతనితో ఒంటరిగా వదిలేది కాదు. వంటింట్లోంచి అతని చేతుల వైపు, పొయ్యి వైపు, మేడ మెట్ల వైపు చూస్తూనే ఉండేది. అతనికి కోపం లేదు. వారం వారం వచ్చి బల్ల మీద పడుకునేవాడు. వారం వారం నాడి కదిలేది కాదు.

వానలు మొదలయ్యాక ఒక వారం, తెర వెనక బుడగ పేలగానే అతను ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఎస్తేరు చప్పట్లు కొడుతూ తెర తీసింది. రత్నం నవ్వలేదు. ఎస్తేరుని బయటికి పంపి, తలుపు వేసి, మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది. అతని మణికట్టు వదల్లేదు.

“ఒళ్లు ఎగిరింది బావా. నాడి ఎగరలేదు. ఎందుకు నటించావు? మళ్లీ పొగగొట్టం ఎక్కడానికా?”

“అదీ ఉంది,” అన్నాడు. “అంతకంటే నీ గురించే. నువ్వు తినడం నేదు, పడుకోడం నేదు. కాపలా కుక్కలాగ ఇల్లంతా తిరగతన్నావు. నాకు వచ్చీసిందనుకుంటే కూసింత నిమ్మళంగా ఉంటావని ఎగిరినాను.”

ఆమెకి ఆ మాట మీద కూడా మొదట అనుమానమే వచ్చింది. తర్వాత అతని కళ్లు చూసింది. అబద్ధం లేదు. ఆమె గొంతు తగ్గించి, కోపం లేకుండా, చాలా రోజులుగా లోపల అనుకుంటున్నది చెప్పింది.

“బంగారమ్మ వచ్చింది బావా. పడేటప్పుడు ఆయన భయపడ్డాడా అని నన్నడిగింది. రేపు ఆ మాట నేను వెళ్లి ఎవరినడగాలి? నావల్ల కావడం లేదు. పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతాను. నీ మీద కోపం కాదు. నీ భయం కూడా నేనే పడాలంటే, నాకు ఓపిక చాలడం లేదు.”

బయట వాన చప్పుడు. సత్యారావు మెల్లగా తల తిప్పి ఆమెని చూశాడు, ఇంతకు ముందు చెప్పిన మాట మళ్లీ చెప్పమన్నట్టు.

ఆమె వేలి కింద ఏదో తన్నింది. మళ్లీ తన్నింది. వేగం అందుకుంది.

రత్నం ఊపిరి బిగబట్టి కిందికి చూసింది. మాటల్లో పడి చెయ్యి జారి, ఆమె అతని నాడి మీద బొటనవేలు ఆనించి ఉంది. బొటనవేలితో చూడకూడదని మొదటి రోజే నేర్పుతారు. ఆ వేలికి తన నాడి తనకే తగులుతుంది. ఇది తన గుండే కావచ్చు. ఏడుపు ఆపుకుంటున్న తన గుండె ఇలాగే కొట్టుకుంటోంది మరి.

బొటనవేలు తీసేసింది. చీర చెంగుతో చేతి చెమట తుడుచుకుంది. చూపుడు వేలూ మధ్య వేలూ కలిపి అతని మణికట్టు మీద, నాడి దొరికే చోట, మెత్తగా ఆనించి కళ్లు మూసుకుంది.

పరుగెడుతోంది. అది అతనిదే.

“ఏటైంది రత్నం?” అన్నాడు సత్యారావు. గొంతు తడారిపోయి ఉంది. “నిజంగా ఎల్లిపోతావేటి?”

“మాట్లాడకు బావా,” అంది కళ్లు తెరవకుండానే. “ఇంకాసేపు అలాగే ఉండు.”